వేడి, ఒత్తిడి, వంటిల్లు: ఇంటి ఎస్‌ప్రెస్సో యంత్రం చరిత్ర

ఇంటికి ఎస్‌ప్రెస్సో యంత్రం కొనదలచినవారికి దుకాణంలో అన్నిటికన్న ముందు కంటబడేది ఒక అంకె. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘15 బార్’ అనో, ‘20 బార్’ అనో అచ్చువేసి ఉంటుంది. ఇటలీలో ఈ పానీయానికి కొలతలు నిర్ణయించడానికి 1998లో ఏర్పడిన జాతీయ ఎస్‌ప్రెస్సో సంస్థ మాత్రం 9 బార్ల ఒత్తిడి చాలునంటుంది. ఏడు గ్రాముల పొడి, 25 సెకన్లు, 25 మిల్లీలీటర్లు, తొమ్మిది బార్లు: అటూ ఇటూ కొంచెం వెసులుబాటుతో వారి లెక్క ఇది. తొమ్మిది చాలినచోట పదిహేను ఎందుకు? చవక యంత్రం మీదా, దానికి పదింతలు ఖరీదు చేసే యంత్రం మీదా అదే అంకె ఉన్నప్పుడు కొనేవాడు చెల్లించే అదనపు సొమ్ము దేనికి?

ఈ ప్రశ్నలకు జవాబు దుకాణదారు వద్ద కన్న చరిత్రలో తేలికగా దొరుకుతుంది. ఎస్‌ప్రెస్సో చరిత్ర మీద చాలాకాలంగా పనిచేస్తున్న ఆంగ్ల చరిత్రకారుడు జొనాథన్ మోరిస్ 2018లో వెలువరించిన ‘కాఫీ: ఎ గ్లోబల్ హిస్టరీ’ చిన్న పుస్తకమే. కాఫీ రుచిని గింజతో పాటు దానిని కాచే యంత్రమూ, అది ఉన్న చోటూ, దాని ధరా కలిసి నిర్ణయిస్తాయన్న ఎరుకతో దానిని చదివితే, ఇంటి యంత్రాల కథ కూడ కొత్తగా కనిపిస్తుంది. ఆ కథంతా ఒకే ఒక ముడిని విప్పడానికి జరిగిన ప్రయత్నం. వేడికీ ఒత్తిడికీ మధ్య ప్రకృతి వేసిన ముడి అది.

బార్ అంటే, స్థూలంగా, సముద్రమట్టం వద్ద గాలి మన మీద మోపే బరువు. భారం అనే అర్థమున్న గ్రీకు మాట నుండి పుట్టింది. ఎస్‌ప్రెస్సో అమ్మే అంగడినీ ఇటలీలో బార్ అనే అంటారు గాని ఈ రెండు మాటలకూ చుట్టరికం లేదు. తెలుగునాట ఆ పేరు వినగానే తోచే మూడవ అర్థం సంగతి చెప్పనక్కరలేదు. తొమ్మిది బార్లంటే ఎంత? 58 మిల్లీమీటర్ల వ్యాసమున్న కాఫీ బిళ్ళ మీద అది సుమారు 240 కిలోల బరువు. పాతిక కిలోల బియ్యం బస్తాలు పదింటిని దొంతరగా పేర్చి, అరచేతిలో ఇమిడే ఆ చిన్న బిళ్ళ మీద నిలబెట్టినట్లు. అంత బరువును వంటింటి గట్టు మీద, పొద్దున్నే, సగం నిద్రలో ఉన్న మనిషి చేత మోపించడం ఎలాగన్నదే సమస్య.

ఆవిరితో మోపవచ్చునని మొదట తలచారు. 1884లో ఇటలీలోని టురిన్ నగరంలో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఆంజెలో మోరియోండో అనే హోటలు యజమాని ఒక ఆవిరి యంత్రాన్ని చూపి, దానికి పేటెంటు పొందాడు. అది ఒక్కొక్క కప్పుగా కాక, పెద్ద మొత్తంలో ఒకేసారి కాఫీ దింపేది. ఆయన దానిని తన హోటళ్ళలో వాడుకున్నాడే గాని ఊరూరా అమ్మలేదు; అందువల్ల చరిత్ర కూడ ఆయనను చాలాకాలం మరచిపోయింది. మిలాన్‌కు చెందిన లుయిజీ బెజ్జేరా 1901లో పేటెంటుకు పెట్టిన యంత్రంలో నేటి ఎస్‌ప్రెస్సో యంత్రపు అవయవాలు చాలావరకు కనిపిస్తాయి. పిడి ఉన్న గరిటెలాంటి పాత్రలో ఒక మనిషికి సరిపడే పొడి పోసి, యంత్రానికి తగిలించి, మర తిప్పితే, సరాసరి కప్పులోకే కాఫీ దిగుతుంది. బెజ్జేరాకు బుద్ధి ఉంది, పెట్టుబడి లేదు. దెసిదేరియో పవోని ఆ హక్కులు కొని, 1905లో లా పవోని సంస్థను స్థాపించి, ఆ యంత్రాన్ని ‘ఇదెయాలె’ అన్న పేరుతో తయారుచేయించాడు. మరుసటి ఏడు మిలాన్ అంతర్జాతీయ ప్రదర్శనలో జనం దానిని చూశారు.

నిలువుగా, గోపురంలా, ఇత్తడి తళతళలతో, తల మీద రెక్కలు చాచిన గద్ద బొమ్మలతో ఉండే ఆ కాలపు యంత్రాలు చూడడానికి రాజసంగా ఉండేవి. టురిన్‌లోని విక్టోరియా ఆర్దుయీనో సంస్థ కోసం లెయొనెత్తో కాప్పియెల్లో 1922లో గీసిన ప్రకటనలో కదులుతున్న రైలు నుండి ఒకడు బయటకు వంగి, యంత్రం నుండి కప్పు అందుకుంటాడు. ఎస్‌ప్రెస్సో అన్న మాటలో వేగమూ ఉంది, నొక్కి తీయడమూ ఉంది, అడిగినవాడి కోసమే ప్రత్యేకంగా చేయడమూ ఉంది. ఆ బొమ్మలో ఎక్కువగా పలికేది వేగమే.

అయితే ఆ కప్పులోని కాఫీ నేటి ఎస్‌ప్రెస్సో కాదు. నల్లగా, పలచగా, కొంచెం మాడు వాసనతో ఉండేది. దాని మీద మీగడ లేదు. కారణం ఆ ముడే. మూసిన పాత్రలో ఆవిరి ఒత్తిడి పెరగాలంటే వేడి పెరిగి తీరాలి. బయటి గాలి కన్న ఒక బార్ ఎక్కువ ఒత్తిడికి నీరు సుమారు 120 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి; తొమ్మిది బార్లు కావాలంటే 180 డిగ్రీలు. కాఫీ పొడికి పడేది 90 డిగ్రీల చుట్టుపక్కల వేడి. ఒత్తిడిని కోరితే కాఫీ మాడుతుంది, రుచిని కోరితే ఒత్తిడి చాలదు. అందుచేత ఆవిరి యంత్రాలు ఒకటి, ఒకటిన్నర బార్ల దగ్గర ఆగిపోయాయి. ప్రెషర్ కుకర్ వాడే ప్రతి ఇల్లాలికీ ఈ శాస్త్రం తెలిసినదే. కుకర్‌లో పప్పు తొందరగా ఉడకడానికి కారణం ఒత్తిడి తెచ్చే ఆ అధిక వేడి. పప్పుకు వరమైనది కాఫీకి శాపమయింది.

ఈ కాలమంతా ఇళ్ళలో ఎస్‌ప్రెస్సో యంత్రం లేదు. దాని అవసరమూ పెద్దగా కలగలేదు. ఇటలీలో 1911లో వచ్చిన ఒక చట్టం నిత్యావసరాలకు గరిష్ఠ ధర నిర్ణయించే అధికారం స్థానిక పాలకులకు ఇచ్చింది. ఆ జాబితాలో కాఫీ కప్పు కూడ చేరింది. అయితే ఆ అదుపు నిలబడి తాగే కప్పుకే; కుర్చీలో కూర్చుని వడ్డన చేయించుకుంటే అదనం. ఇటాలియన్లు నేటికీ గట్టు దగ్గర నిలబడి రెండు గుక్కల్లో కాఫీ ముగించి వెళ్ళిపోవడాన్ని వారి చురుకుదనానికి గుర్తుగా పర్యాటకులు రాస్తూ ఉంటారు. దాని వెనుక ధరల అదుపు ఉన్నదని చెబితే ఆ రాతల్లోని కవిత్వం కొంత తగ్గుతుంది. వీధి చివర చవకగా దొరికేదాని కోసం ఇంట్లో గోపురమంత యంత్రం ఎవరు పెట్టుకుంటారు?

ఇంటికి వచ్చినది మరొకటి. ఫ్రాన్సులో అల్యూమినియం పని నేర్చుకుని తిరిగివచ్చిన అల్ఫోన్సో బియలెట్టి, 1919లో పియెమోంటె ప్రాంతంలోని క్రుసినాల్లో గ్రామంలో కార్ఖానా పెట్టుకున్నాడు. 1933లో ఆయన కార్ఖానా నుండి ఎనిమిది పలకల మోకా పాత్ర వెలువడింది. అడుగున నీరు, నడుమ పొడి, పైన ఖాళీ పాత్ర. పొయ్యి మీద పెడితే అడుగున పుట్టిన ఆవిరి నీటిని పొడి గుండా పైకి తోస్తుంది. నడుమ గొట్టం గుండా సబ్బునీళ్ళు పైకి ఎగజిమ్మే బట్టల బానను చూసి ఆయనకు ఈ ఊహ కలిగిందని చెబుతారు.

ఆ పాత్ర పుట్టిన సమయం గమనించదగినది. 1935 అక్టోబరులో ముస్సోలినీ సేన ఇథియోపియా మీదికి దండెత్తింది. నానాజాతి సమితి ఆంక్షలు విధించింది. స్వావలంబనమే జాతీయధర్మమని ప్రభుత్వం చాటింది; ఇటలీ నేలలో దొరికే బాక్సైటు వల్ల అల్యూమినియం స్వదేశీ లోహంగా గౌరవం పొందింది. మరొకవైపు విదేశీ సరుకు అయిన కాఫీ అరుదయిపోతూ వచ్చింది. కాఫీ పుట్టిల్లయిన ఇథియోపియాను ఆక్రమించిన దేశంలో కాఫీకి కరువు రావడం, కాఫీ పాత్ర చేసే లోహానికి మాత్రం ప్రోత్సాహం దొరకడం ఆనాటి రాజకీయపు వింతల్లో ఒకటి. యుద్ధానికి ముందు బియలెట్టి పాత్రలు చుట్టుపక్కల సంతలకే పరిమితమయ్యాయి. యుద్ధం ముగిశాక ఆయన కుమారుడు రెనాతో పగ్గాలు పట్టి, పత్రికల్లో, రేడియోలో, తరువాత టెలివిజన్‌లో ప్రకటనలు కుమ్మరించాడు. పెద్ద మీసాలతో వేలెత్తి నిలబడే చిన్న మనిషి బొమ్మ ఆ కాలానిదే. బార్‌లో దొరికే ఎస్‌ప్రెస్సో ఇక ఇంట్లోనే అన్నది ఆ ప్రచార సారాంశం.

మాట అక్షరాలా నిజం కాదు. మోకాలోనూ పనిచేసేది ఆవిరే. అందులోనూ ఒత్తిడి ఒకటి, ఒకటిన్నర బార్లే. కాని అబద్ధమని తోసిపుచ్చడమూ న్యాయం కాదు. మోకా పుట్టిన 1933లో బార్ యంత్రాలు కూడ ఆవిరివే. బార్‌లోని కాఫీకీ ఇంటి కాఫీకీ తేడా అప్పుడు స్వల్పం. ఆ తరువాత బార్ ముందుకు సాగిపోయింది, ఇల్లు అక్కడే నిలిచింది. చాలా ఇటాలియన్ ఇళ్ళు తృప్తిగానే నిలిచాయి. రెనాతో బియలెట్టి 2016లో మరణించినప్పుడు ఆయన చితాభస్మాన్ని ఒక పెద్ద మోకా పాత్రలో ఉంచి అంత్యక్రియలు జరిపారు.

బార్‌ను ముందుకు నడిపినవాడు మిలాన్‌కు చెందిన అకిల్లే గాజ్జా. ఆవిరిని కాఫీ దగ్గరకు రానీయకుండా, వేడినీటిని మాత్రమే పిస్టన్‌తో నొక్కి పొడి గుండా పంపాలన్నది ఆయన ఆలోచన. 1938లో మర చుట్టుతో దిగే పిస్టన్‌కు పేటెంటు కోరాడు. యుద్ధం అడ్డువచ్చింది. 1947లో స్ప్రింగు, మీట ఉన్న కొత్త అమరికకు పేటెంటు తీసుకుని, మరుసటి సంవత్సరం యంత్రాలను బజారులోకి తెచ్చాడు. కాఫీ చేసేవాడు పొడవైన మీటను కిందికి లాగితే స్ప్రింగు ముడుచుకుంటుంది, పిస్టన్ కింద వేడినీరు నిండుతుంది. మీటను వదలగానే స్ప్రింగు సాగుతూ ఆ నీటిని పొడిలోకి నొక్కుతుంది. ఎనిమిది, తొమ్మిది బార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వేడి పని బాయిలర్‌ది, ఒత్తిడి పని మనిషి భుజానిది. అరవై ఏళ్ళ ముడి ఒక స్ప్రింగుతో విడిపోయింది.

దానితో కప్పులో కొత్త వస్తువు ఒకటి తేలింది. అధిక ఒత్తిడిలో కాఫీ నూనెలు చిన్న చిన్న బిందువులై నీటితో కలుస్తాయి, గింజలో దాగిన కార్బన్ డయాక్సైడు బుడగలై పైకి వస్తుంది. రెండూ కలిసి తేనెరంగు పొరగా నిలుస్తాయి. మొదట జనం అనుమానించారు. ఈ నురగ ఏమిటి, కాఫీలో ఏం కలిపారు? గాజ్జా దానికి ‘క్రేమా’ అని పేరుపెట్టి, ఇది సహజమైన కాఫీ మీగడ అని బోర్డులు పెట్టించాడు. లోపమని తోచినదే గుణమయింది. పాల మీద మీగడ విలువ తెలిసిన తెలుగువారికి ఆ పేరు పెట్టడంలోని తెలివి వేరుగా వివరించనక్కరలేదు. కప్పు పరిమాణం కూడ అప్పుడే కుదించుకుపోయింది. పిస్టన్ గదిలో పట్టే నీరెంతో కాఫీ అంత. నేటి ఎస్‌ప్రెస్సో అంత చిన్నదిగా ఉండడానికి మొదటి కారణం ఆ ఇనుప గది కొలత.

ఈ యంత్రం ఇటలీ ఎల్లలు త్వరగానే దాటింది. 1953లో లండన్ సోహోలోని ఫ్రిత్ వీధిలో గాజ్జా యంత్రంతో మోకా బార్ తెరిచినప్పుడు సినీతార జీనా లొల్లోబ్రిజిదా ప్రారంభోత్సవానికి వచ్చింది. యుద్ధకాలపు రేషన్ల నుండి అప్పుడప్పుడే బయటపడుతున్న బ్రిటన్ యువతరానికి ఆవిరి చప్పుళ్ళు, గాజు కప్పులు, అర్ధరాత్రి దాకా వెలిగే దీపాలు ఒక కొత్త లోకం. అక్కడ ఎక్కువగా అమ్ముడైనది పాలనురగ కాఫీయే. బ్రిటన్‌లో నేడు ఇంటి యంత్రాన్ని ఎంచుకునేవారిలో చాలామంది కప్పుచినో కోసమే దానిని కొంటారు. ఆ అలవాటు వయస్సు డెబ్బై ఏళ్ళు దాటింది.

1961లో ఎర్నెస్తో వలెంతె నడిపిన ఫాయెమా సంస్థ ఇ61 అనే యంత్రాన్ని తెచ్చింది. ఆ ఏడు ఫిబ్రవరి 15న ఇటలీ మీదుగా సాగిన సంపూర్ణ సూర్యగ్రహణం పేరుమీద దానికి ఆ పేరు. అందులో మీట లేదు, స్ప్రింగు లేదు. విద్యుత్ పంపు నగరపు కుళాయి నీటినే తొమ్మిది బార్లకు నొక్కుతుంది. ఆ చల్లని నీరు బాయిలర్‌లో మునిగి ఉన్న ఒక గొట్టం గుండా ప్రవహిస్తూ, ఆవిరి కాకుండానే వేడెక్కి, పొడి మీదికి చేరుతుంది. బాయిలర్‌లోని ఆవిరి పాలకు; గొట్టంలోని నీరు కాఫీకి. కాఫీ చేసేవాడి భుజానికి విశ్రాంతి దొరికింది. తొమ్మిది అన్న అంకె ప్రమాణంగా స్థిరపడడంలో ఈ యంత్రానిది పెద్ద పాత్ర.

ఇల్లు ఎప్పుడూ బార్ కన్న ఒక అడుగు వెనుకే నడిచింది. 1950లలో గాజ్జా, ఫాయెమా సంస్థలు చిన్న మీట యంత్రాలను ఇళ్ళ కోసం చేశాయి. ఆ కుటుంబంలో దీర్ఘాయువు పొందినది లా పవోని వారి యూరోపిక్కోలా. బార్‌లో పంపు పాలన మొదలైన కాలానికి ఇది ఇళ్ళలోకి వచ్చింది. ఇందులో స్ప్రింగు కూడ లేదు. మీట ఎత్తితే నీరు దిగుతుంది, మీట దించితే పిస్టన్ నొక్కుతుంది. తొమ్మిది బార్లు పుట్టేది కొన్నవాడి కండరం నుండే. పాత నమూనాల్లో ఒత్తిడిని చెప్పే ముల్లు కూడ ఉండదు. ఎంత బలంగా, ఎంతసేపు నొక్కాలో చేతికే తెలియాలి. రెండు మూడు కప్పులు వరుసగా తీస్తే లోహం బాగా వేడెక్కి కాఫీ చేదవుతుంది. పాతకాలపు ముడి ఈ చిన్న యంత్రంలో మళ్ళీ తల ఎత్తుతుంది. దానిని ప్రేమించేవారు ఆ మొండితనాన్నీ కలిపే ప్రేమిస్తారు. పొద్దున్న ఏడింటికి ఆసుపత్రి విధులకు పరుగెత్తవలసినవారు కొనదగిన వస్తువు కాదది.

ఇంటికి పంపును తెచ్చినది మరొక చిన్న ఉపకరణం. బార్ యంత్రపు పంపుకు పెద్ద మోటారు కావాలి, చోటు కావాలి. దాని బదులు అరచేతిలో పట్టే కంపన పంపు వచ్చింది. తీగచుట్ట నడుమ చిన్న పిస్టన్ ఉంటుంది. ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు ఊగే దేశంలో అదీ సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఇంటి యంత్రాలు కాఫీ తీస్తున్నప్పుడు వినిపించే బొంయ్‌మనే శబ్దం దానిదే. 1977లో వచ్చిన గాజ్జా బేబీ, 1991 నాటి గాజ్జా క్లాసిక్, 1997 నాటి రాంచీలియో సిల్వియా ఈ వంశానివి. సిల్వియాను మొదట సంస్థవారు తమ యంత్రాలు అమ్మే వర్తకులకు బహుమతిగా ఇవ్వడానికి చేశారు. పుచ్చుకున్నవారి ఆదరణ చూసి అమ్మకానికి పెట్టారు.

అట్టపెట్టె మీది 15 రహస్యం ఇక్కడే ఉంది. నీరు ఎటూ కదలకుండా దారి మూసేసినప్పుడు ఈ చిన్న పంపు చేరగల గరిష్ఠ ఒత్తిడి అది. కాఫీ గుండా నీరు పారుతున్నప్పుడు ఒత్తిడి అంతకన్న తగ్గుతుంది. మంచి యంత్రంలో అదనపు ఒత్తిడిని వెనక్కి మళ్ళించే కవాటం ఒకటి ఉండి, కాఫీ దగ్గర తొమ్మిదికి అటూ ఇటూ నిలుపుతుంది. అంటే 15 అన్నది పంపు సామర్థ్యమే గాని కాఫీ గుణం కాదు. గంటకు రెండు వందల కిలోమీటర్ల దాకా అంకెలున్న కారును ఊళ్ళోని సందుల్లో నడిపేవాడికి ఆ చివరి అంకె ఎంత ఉపయోగమో ఇదీ అంతే. చవక యంత్రాల్లో మరొక ఉపాయం ఉంటుంది. గిన్నెకు రెండు అడుగులు పెట్టి, రెండవదానికి ఒకే సన్నని రంధ్రం చేస్తారు. ఏ పొడి వేసినా, ఎంత పాతదైనా, ఆ రంధ్రం గుండా చిమ్మేటప్పుడు నురగ వస్తుంది. గాజ్జా బోర్డులు పెట్టి సహజమని నమ్మించవలసి వచ్చిన మీగడ కనీసం నిజమైనది. ఇది మీగడ వేషం.

చిన్న ఇంటి యంత్రంలో బాయిలర్ ఒక్కటే. కాఫీకి 90 డిగ్రీల పైచిలుకు కావాలి, పాలకు ఆవిరి పుట్టించాలంటే 120 దాటాలి. ఒకే కుండ రెండు పనులు వంతులవారీగా చేయాలి. కాఫీ తీశాక మీట నొక్కి ఒకటి రెండు నిమిషాలు ఆవిరి కోసం వేచి ఉండాలి. తరువాతి కాఫీకి మళ్ళీ చల్లార్చాలి. ఆ ముడి తొమ్మిది బార్ల దగ్గర విడిపోయినా పాల దగ్గర మళ్ళీ బిగుసుకుంటుంది. దీనిని విప్పే స్తోమతకే అధిక ధర. ఇ61 పద్ధతిలో బాయిలర్‌లో గొట్టం పెట్టిన ఇంటి యంత్రాలు ఒక మెట్టు పైన. కాఫీకి ఒకటి, ఆవిరికి ఒకటి చొప్పున రెండు బాయిలర్లున్నవి ఇంకొక మెట్టు పైన. ఫ్లారెన్స్‌కు చెందిన లా మార్జొక్కో సంస్థ 1970లోనే బార్ యంత్రంలో రెండు బాయిలర్లు పెట్టింది. ఆ పద్ధతి వంటింటి గట్టు ఎక్కడానికి దశాబ్దాలు పట్టింది. ఇ61 తల ఉన్న ఇంటి యంత్రాలకు మరొక చిక్కుంది. ఆ తల ఒక్కటే దాదాపు నాలుగు కిలోల ఇత్తడి. అది వేడెక్కడానికి అరగంట పడుతుంది. బార్‌లో పొద్దున్నే వెలిగించి రాత్రి ఆర్పేదానికి అరగంట లెక్క కాదు. ఒక్క కప్పు తాగి బడికో ఆసుపత్రికో వెళ్ళే ఇంట్లో అది ప్రతిరోజూ చెల్లించవలసిన సుంకం.

ఈ దశలో చరిత్రను కదిపినవారు తయారీదారులు కారు, వాడుకరులు. 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో అమెరికాలోని ఔత్సాహికులు కొందరు సిల్వియా వంటి యంత్రాలను విప్పి, కర్మాగారాల్లో ఉష్ణోగ్రతను నియంత్రించే పి.ఐ.డి. సాధనాన్ని వాటికి తగిలించారు. పాత థర్మోస్టాటు వేడిని పది డిగ్రీలకు పైగా అటూ ఇటూ ఊగిస్తే, ఇది ఒకటి రెండు డిగ్రీల లోపల పట్టి ఉంచింది. కొన్నేళ్ళలో సంస్థలే దానిని అమర్చి అమ్మసాగాయి. 1932లో సిడ్నీలో రేడియోలతో మొదలైన బ్రెవిల్ సంస్థ ఈ సూక్ష్మాన్ని మధ్యతరగతి ధరకు దించడంలో ముందుంది. బ్రిటన్‌లో ఆ పేరు వేరొకరి హక్కు కావడం వల్ల అక్కడ అవే యంత్రాలను సేజ్ పేరుతో అమ్ముతారు. ఆస్ట్రేలియాలోని బంధువు చెప్పిన యంత్రం లండన్ దుకాణాల్లో కనబడక తికమకపడేవారికి కారణం ఇదే.

చేతిని పూర్తిగా తప్పించే దారి కూడ సమాంతరంగా సాగింది. 1985లో సాయెకో సంస్థ గింజను తానే నూరి, తానే నొక్కి, తానే పిప్పిని పారవేసే యంత్రాన్ని ఇళ్ళకు తెచ్చింది. నెస్లేలో పనిచేసిన ఎరిక్ ఫావ్ర్ 1970లలో రూపొందించిన గొట్టపు బిళ్ళల పద్ధతి 1986లో నెస్‌ప్రెస్సోగా బజారుకు వచ్చింది. బిళ్ళలో పొడి ముందే నూరి, తూచి, గాలి సోకకుండా మూసి ఉంటుంది గనుక తప్పు చేయడానికి చోటు లేదు. బాగుచేసుకోవడానికీ చోటు లేదు. యంత్రం చవక, బిళ్ళలు ప్రియం. గ్రాము లెక్కన చూస్తే బిళ్ళలోని కాఫీకి గింజలకన్న అనేక రెట్లు ఖరీదు పడుతుంది. తొందరలో ఉన్న ఇంటికి ఇది న్యాయమైన బేరమే కావచ్చును గాని, అది బేరమని తెలిసి చేయడం మంచిది.

తెలుగువారికి ఎస్‌ప్రెస్సో అన్న మాట ఈ యంత్రాలకు ముందే వేరొక దారిన పరిచయం. పెళ్ళి విందుల్లో, ప్రదర్శనల్లో నిలువెత్తు స్టీలు డబ్బా ఒకటి బుసలు కొడుతూ ఉండేది. దాని గొట్టాన్ని పాలలో ముంచి, ఇన్‌స్టంట్ పొడి, పంచదార కలిపి, నురగ పొంగించి, పైన చాక్లెట్ పొడి చల్లి ఇచ్చేవారు. అది ఎస్‌ప్రెస్సో కాఫీ. అందులో పొడి గుండా నీటిని నొక్కే పనే లేదు. ఇటలీ యంత్రపు రెండు పనుల్లో ఆవిరి పని ఒక్కటే సముద్రం దాటి వచ్చింది. నవ్వుకోదగినదిగా తోచినా, బెజ్జేరా కాలపు యంత్రానికి దగ్గర చుట్టం ఆ పెళ్ళిపందిరి డబ్బాయే. ఇక ఇంట్లోని ఫిల్టరు ఈ పోటీలోనే లేదు. దానిలో ఒత్తిడి లేదు, నీటి బరువు ఒక్కటే. తొమ్మిది బార్లు 25 సెకన్లలో చేసే పనిని అది తీరికగా, బొట్టుబొట్టుగా చేస్తుంది.

ఈ తేడా విదేశాల్లో యంత్రం ఎంచుకునే తెలుగు కుటుంబాలకు కొంత ఖరీదైన పాఠమే. ఫిల్టరులో ఒక్కసారి డికాక్షన్ దింపితే ఆరుగురు అతిథులకు పాలు కాచి పోసి ఇవ్వవచ్చును. ఎస్‌ప్రెస్సో స్వభావమే ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క కప్పు. ఒకే బాయిలరున్న యంత్రంతో ఆరుగురికి పాలకాఫీ ఇవ్వబూనితే మొదటివారు తాగి కప్పు కింద పెట్టేసరికి మూడవవారికి ఇంకా అందదు. చిక్కని పాలకాఫీయే తాగే ఇంటికి ఆవిరి ముఖ్యం, కనుక గొట్టపు బాయిలరో రెండు బాయిలర్లో అక్కరకు వస్తాయి. లేదా ఫిల్టరును గట్టు మీద నుండి తీసివేయకుండా ఉంచుకోవడం ఉత్తమం. పాలు లేకుండా ఒక్క చిన్న కప్పు కోరేవారికి ఒకే బాయిలరూ, చేతిమీటా చాలు. అరకు లోయలో గిరిజన రైతులు పండించిన కాఫీకి 2017 నుండి పారిస్‌లో సొంత దుకాణం ఉన్నది. ఆ గింజలను ఇటలీ పద్ధతిలో తాగదలచినవారికి యంత్రం కన్న ముందు కావలసినది మంచి మర.

నిజానికి బడ్జెట్‌లో మొదటి భాగం మరకే పోవాలి. తొమ్మిది బార్లు నిలబడేది పొడి అడ్డుపడినప్పుడే. పొడి బరకగా ఉంటే నీరు నిరాటంకంగా జారిపోతుంది, పంపు ఎంత బలమైనదైనా ఒత్తిడి పుట్టదు. గాజ్జా యంత్రం వచ్చినప్పుడు ఇటలీ బార్లు కూడ మరలను సరిచేసుకోవలసి వచ్చింది. రెండవ భాగం నీటికి. సున్నపు నీళ్ళున్న లండన్ వంటి ఊళ్ళలో యంత్రాన్ని చంపేది వాడుక కాదు, బాయిలర్‌లో పేరుకునే గార.

యూరోపిక్కోలా నేటికీ తయారవుతున్నది. పాత సామాను అమ్మే సంతల్లో నలభై, యాభై ఏళ్ళనాటివి దుమ్ముకొట్టుకుని కనిపిస్తాయి. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు వాషర్లు అరిగిపోయి, మీట కింది నుండి నీరు కారుతూ ఉంటుంది. 2000కు ముందటి యంత్రాల తలకు ఒక కొలత, తరువాతివాటికి మరొక కొలత; కొనేముందు అది చూసుకోవాలి. రెండు కొలతల్లోనూ వాషర్లు దొరుకుతున్నాయి. ఒక స్పానరు, ఒక పూట ఓపిక ఉంటే ఇంట్లోనే మార్చుకోవచ్చును.